పేలిక కట్టని కేబుల్

గట్టు కింద రాళ్లు పడ్డప్పటి నుంచీ ఊళ్లో అందరూ మా తరఫున వాదించిన లాయరమ్మాయి పేరే చెబుతున్నారు. ఆ పిల్ల బాగానే మాట్లాడింది, కాదనను. కానీ ఆమె బల్ల మీద పెట్టిన డిస్కు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. తెచ్చిన మనిషి తనంతట తాను చెప్పుకోడు. ఉర్హో సల్మెలా ఏడాది పొడుగునా మాట్లాడేదానికంటే నా వంటింటి కుళాయి వారంలో ఎక్కువ మాట్లాడుతుంది. అందుకని నేను రాస్తున్నాను. నేను చదివింది ఆరో తరగతి. బడి వంటశాలలో ఇరవై ఎనిమిదేళ్లు వండాను. వాక్యాలు వంకరగా ఉంటే ఉంటాయి, అబద్ధాలు మాత్రం ఉండవు.

ఆటర్ సరస్సు ఉత్తరపు గట్టు మీద మా ఇళ్లు ఐదు. చివరిది ఉర్హోది, దాని పక్కది నాది. దారికి అవతల హెల్మిది. ఉర్హోకి డెబ్బై నాలుగు. ముప్పై నాలుగేళ్లు కాగితం మిల్లులో బేరింగులు చూశాడు. కర్ర ఒక కొస బేరింగు మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి, లోపల ఏ గుండు అరిగిందో చెప్పేవాడు. ఆ రొదలో ఎడమ చెవి పోయింది. మిల్లులో కంప్యూటర్లు పెట్టినప్పుడు వాటిని విప్పడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. మిల్లు మూతబడ్డాక ఊళ్లో ఎవరి పెట్టె మొరాయించినా చంకన పెట్టుకుని అతని దగ్గరికే పోయేవాళ్లం. కూలీ కింద చేపలు తీసుకునేవాడు. చేపలు లేనివాళ్ల దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదు.

2004 వసంతంలో మా గట్టు అంచున ఉన్న బర్చ్ చెట్టు నీళ్లలో పడింది. అందరం అయ్యో అనుకుని ఊరుకున్నాం. ఉర్హో ఊరుకోలేదు. తన సౌనా, అంటే ఆవిరిస్నానం చేసే చెక్కగది, ముందు ఒక ఇనప గుంజ పాతి ఎర్ర రంగు వేశాడు. మర్నాటి నుంచి రోజూ ఉదయం ఎనిమిదింటికి సౌనా మెట్టు మీద నిలబడి ఒక ఫోటో. ముందు ఎర్ర గుంజ, దాని వెనక గట్టు అంచు, ఆ వెనక సరస్సు. వానా, మంచూ, పండగా, చావూ ఏదీ చూడలేదు. మొదటి ఫోటోలో గుంజకీ అంచుకీ మధ్య డెబ్బై అడుగులు. పోయిన చలికాలానికి పదకొండు.

ఆనకట్ట కంపెనీ వాళ్లు శరత్కాలంలో నీళ్లు నిండుగా నిలబెడతారు, కరెంటు కోసం. అల కొరుకుతుంది, తర్వాత మంచుగడ్డ నెడుతుంది. వాళ్లని అడిగితే, ఆ గట్టు ఎప్పుడూ అంతే అన్నారు. వ్యవహారం రాష్ట్రం వాళ్ల విచారణ దాకా పోయింది. కంపెనీదే తప్పని తేలితే వాళ్లు రాళ్లు పేర్చాలి. తేలకపోతే మా ఐదు ఇళ్లకూ ఉండటానికి పనికిరావని కాగితం అంటిస్తారు. మేం ఉర్హో ఫోటోలు అచ్చు తీసి పంపాం. అచ్చు బొమ్మల్ని ఎలాగైనా మార్చవచ్చని కంపెనీ మనిషి వాదించాడు. దాంతో విచారణాధికారి ఉత్తరం రాశాడు: కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే డిస్కులో కావాలి, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికల్లా కౌంటీ కార్యాలయంలో చేతికివ్వాలి. ఆ ఉత్తరం బుధవారం సాయంత్రం చేరింది.

గురువారం ఉదయం నేను కాఫీ పట్టుకుని వెళ్లేసరికి ఉర్హో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర నల్లగా ఉంది.

"డిస్కు టిక్కుటిక్కుమంటోంది," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి."

"నిన్న చెప్పలేదేం?"

"నిన్న నువ్వు అడగలేదు."

పందొమ్మిదేళ్ల ఫోటోలూ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. అంచుదాకా నిండిపోయింది. రెండో ప్రతి ఎక్కడా లేదు. అలమారలో రెండు కొత్త డిస్కులు కవరు విప్పకుండా పడి ఉన్నాయి, రెండేళ్ల కిందట కొన్నవి. కొన్నాడు గానీ పెట్టె విప్పి బిగించలేదు. ఎందుకు బిగించలేదో నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు.

ఆరేళ్ల కిందట హెల్మి కంప్యూటర్‌లో కరెంటు ఇచ్చే డబ్బా కాలిపోయింది. ఉర్హో కొత్త డబ్బా తెచ్చి పెట్టాడు. పాత కేబుల్ బాగానే ఉంది కదా అని దాన్నే తగిలించాడు. సరిగ్గా పట్టింది. డబ్బాకి తగిలించే వైపు మూతి అన్ని తయారీల్లోనూ ఒకలాగే ఉండొచ్చు. లోపలి తీగల వరుస మాత్రం ఎవరిది వారిదే. ఆ సంగతి మూతి చెప్పదు. మీట నొక్కాడు. తుమ్మినంతసేపు పట్టలేదు, దానిలోని మూడు డిస్కులూ మాడిపోయాయి. నలభై ఏళ్ల చర్చి పాటలు, పెళ్లిళ్లు, వాళ్లాయన ఆర్వో ఫోటోలు అన్నీ. ఆర్వో పోయి అప్పటికి మూడేళ్లు. అచ్చు తీసినవి ఏవో మూడో నాలుగో ఉన్నాయంతే.

హెల్మి తప్పు పట్టలేదు. "సరే ఉర్హో, కాఫీ తాగి వెళ్లు," అంది. తిట్టి ఉంటే అతను బతికి బయటపడేవాడు.

మర్నాడు హెల్మి దగ్గర గుడ్డపేలికలు అడిగి తీసుకున్నాడు. ఆమె తివాచీలు నేస్తుంది, పేలికల బుట్ట ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ముడి వేసే పద్ధతి కూడా ఆమే చూపించింది. తను ముట్టుకున్న ప్రతి కంప్యూటర్ ఇంటికీ వెళ్లి, దాని కేబుళ్లకు పేలికలు కట్టి వచ్చాడు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. మాది ఆకుపచ్చ. తనది నీలం. ఏ డబ్బాతో వచ్చిన కేబుల్ ఆ డబ్బాకే, ఇంకెవరూ కలిపేయకుండా. ఆ పని పూర్తి చేసి స్క్రూడ్రైవర్లు పనిముట్ల డబ్బాలో పెట్టి మూత పెట్టాడు. మళ్లీ ఏ పెట్టే విప్పలేదు, తనది కూడా.

"కొత్త డిస్కుని బయటి నుంచే వైరుతో గుచ్చి ఫోటోలు ఎక్కించరాదూ?" అన్నాను.

"ఈ ముసలి యంత్రానికి బయటి దారి సన్నం. రేపు మధ్యాహ్నం దాకా పడుతుంది. లోపల బిగిస్తే ఐదు గంటలు."

సాయంత్రానికి మంచు తుఫాను వస్తుందని రేడియో చెబుతూనే ఉంది. కౌంటీ కార్యాలయం ఎనభై మైళ్లు. మూడింటికల్లా బండి కదలాలి. అప్పుడు ఎనిమిదిన్నర.

"మరి కూర్చున్నావేం?"

లేచాడు. కంప్యూటర్ పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

ఉర్హో ఇలాంటి పనులన్నీ సౌనా ముందుగదిలోనే చేసేవాడు. మా చలికాలంలో ఇళ్లల్లో గాలి ఎండిపోయి, ఉన్ని స్వెట్టరు విప్పితే చిటపటమని మెరుపులు వస్తాయి. ఒక్క మెరుపు చాలు, డిస్కు వెనకుండే ఆకుపచ్చ పలక చచ్చిపోవడానికి. సౌనా గదిలో చెక్కనేల, కాస్త తడిగాలి. పొయ్యి సన్నగా వెలిగించి, ఒక్క గరిటె నీళ్లు పొయ్యి మీది వేడి రాళ్లపై పోస్తాడు, అంతకంటే ఎక్కువ కాదు. గదిలోకి వచ్చేవాళ్లకి కట్టుబాట్లున్నాయి: ఉన్ని విప్పాలి, వట్టికాళ్లతో రావాలి, ముందు పొయ్యిగొట్టం ముట్టుకోవాలి. నేను మేజోళ్లు విప్పుతుంటే ఇటు తిరగలేదు. మర్యాదస్తుడు.

పక్క రేకు ఊడదీశాడు. లోపల కింద డిస్కులు పెట్టే గూడు ఉంది, పాతది అందులోనే ఉంది. పక్క అర తుప్పు పట్టిపోయింది.

"పైన పెడతాను," అన్నాడు. "కింద పెడితే కొత్తదాని వేడి పాతదానికి తగులుతుంది. అసలే జబ్బుది."

పైన సీడీ పెట్టే అర. సీడీ యంత్రాన్ని లాగేస్తే అక్కడ ఖాళీ వచ్చింది, కానీ డిస్కుకి ఆ ఖాళీ వెడల్పు ఎక్కువ. పాత సౌనా బల్లలోంచి దేవదారు ముక్కలు నాలుగు కోశాడు, రెండు వైపులా ఆనించడానికి. ముక్కకీ డిస్కుకీ మధ్య నా పచ్చడి సీసాల రబ్బరు వలయాలు పెట్టాడు. కొత్తది తిరిగేటప్పుడు అదురు పుడుతుందట, ఆ అదురు రేకు వెంట పోయి పాతదాన్ని తట్టకూడదట.

స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. ఒక స్క్రూ లోపల పడింది. అతనికి వినపడలేదు.

"పడింది," అన్నాను.

"ఎక్కడ?"

"ఆ పెద్ద పలక కిందికి దొర్లింది."

అది అక్కడ ఉండగా మీట నొక్కితే మదర్‌బోర్డు అనే ఆ పలక మాడుతుంది. పెట్టెను పక్కకి వంచాడు, మెల్లగా, పాలగిన్నె వంచినట్టు. ఏమీ లేదు. ఇంకో పక్కకి. ఏమీ లేదు. మూడోసారి తలకిందులు చేస్తే స్క్రూ నేల మీద పడి నా బొటనవేలి దగ్గర ఆగింది. ఆ ఒక్క స్క్రూకి పది నిమిషాలు పోయాయి.

సీడీకి వచ్చే కరెంటు మూతి ఖాళీగా ఉంది కనుక దాన్ని ఒక డిస్కుకి పెట్టుకోవచ్చు. రెండోదానికి ఇంకో కేబుల్ కావాలి. ఉర్హో రెండూ పెడదామన్నాడు: ఒకటి అధికారికి, ఒకటి ఇంట్లో ఉంచడానికి.

"ఇంట్లో ఆపిల్ పళ్ల పెట్టెలో ఉంటాయి కేబుళ్లు. ఇలాంటిది ఒకటి తీసుకురా," అన్నాడు.

నేను ఇంట్లోకి వెళ్లి వెతికాను. ఇలాంటిదే దొరికింది. నలుపు మూతి, ఐదు తీగలు, అదే గంటు. తెచ్చి అతని కేబుల్ పక్కన పెట్టి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. నాకంత తెలివి ఉన్నందుకు గర్వపడుతూనే అతని చేతిలో పెట్టాను.

అతని కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకోలేదు. మూతిని వేళ్లతో తడిమి, డబ్బా దగ్గర పెట్టాడు. అప్పుడే తలుపు తెరుచుకుని హెల్మి వచ్చింది, చేతిలో యాలకులు వేసిన నిసు రొట్టె. ఎవరూ చెప్పకుండానే స్వెట్టరు విప్పింది, మేజోళ్లు విప్పింది, పొయ్యిగొట్టం ముట్టుకుంది. ఆరేళ్ల తర్వాత ఆ గదిలోకి రావడం అదే మొదలు. తన గుమ్మంలోంచి నేను పరుగెత్తడం చూసి వచ్చానంది.

ఉర్హో మూతిని లోపలికి తోయబోయాడు.

"దాని పేలిక ఏది?" అంది హెల్మి.

చెయ్యి ఆగింది.

"ఊడిపోయి ఉంటుంది," అన్నాను నేను.

"నా ముడి ఊడదు, ఐలి."

ఆమె కేబుల్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. రెండో కొసన గోరంత కరిగిన మచ్చ ఉంది, తేనె రంగులో. తర్వాత ఉర్హో వైపు చూసింది.

"అదేనా?"

"అదే," అన్నాడు.

"పారేయలేదా?"

"పారేస్తే మర్చిపోతానని."

పొయ్యిలో కట్టె చిట్లింది. తెచ్చింది నేను. అతను కొన్న కొత్త డిస్కులతో పాటు ఆ పందొమ్మిదేళ్లూ ఒక్క క్షణంలో పోయేవి, నా తెలివి వల్ల. ఆ మాట పైకి అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, అది చాలు.

ఉర్హో స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. "నా వల్ల కాదు," అన్నాడు. "లాయరమ్మాయికి ఫోన్ చెయ్యి, ఐలి. తేలేమని చెప్పు."

నేను నోరు తెరిచే లోపలే హెల్మి అతని ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

"ఎన్ని పెట్టాలి?"

"రెండు."

"నీలం పేలిక ఉన్న కేబుల్‌తో ఎన్ని పెట్టగలవు?"

"ఒకటి."

"అయితే ఒకటే పెట్టు."

"ఇంట్లో ప్రతి ఉండదు."

"ఇప్పుడు ఉందా ఏమిటి?"

అతను కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నీలం పేలిక ముడిని బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. సీడీ మూతిని కొత్త డిస్కుకి పెట్టాడు. సన్నని రెండో వైరు పెద్ద పలక దాకా లాగాడు. మొదలు నుంచి అన్నీ మళ్లీ చూశాడు. నేను గడియారం చూశాను, తొమ్మిదీ నలభై.

మీట నొక్కే ముందు హెల్మి లేచి అతని పక్కన నిలబడింది. వాసన వస్తే ముందు తనకే తెలుస్తుందంది. నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. వాసన రాలేదు. ఉర్హో సౌనా గరిటె అందుకుని దాని పిడి కొసను పాత డిస్కు మీద పెట్టి, గరిటె వైపు కుడిచెవికి ఆనించుకున్నాడు. మిల్లులో చేసినట్టే.

"తిరుగుతోంది," అన్నాడు. తర్వాత కొత్తదాని మీద పెట్టి, "ఇదీ తిరుగుతోంది."

"టిక్కు?"

"ఉంది. నిన్నటికంటే దగ్గరగా వస్తోంది."

తెర మీద సంవత్సరాల వారీగా ఫోటోల ఫోల్డర్లు కనిపించాయి. ఉర్హో కొత్త సంవత్సరాల మీద వేలు పెట్టాడు. గట్టు ఎక్కువ పోయింది ఈ మధ్యే కనుక అవి ముందు ఎక్కించాలన్నాడు. నాకూ సబబే అనిపించింది.

"వద్దు," అంది హెల్మి. "పాతవి ముందు."

"ఎందుకు?"

"మళ్లీ తీసుకోగలిగినవి చివర పెట్టు. ఈ ఏడాది గట్టు ఎలా ఉందో రేపు వచ్చి ఎవరైనా చూడొచ్చు. 2004లో ఎలా ఉందో ఇక ఎవడు చూస్తాడు?"

ఉర్హో ఆమె వైపు చూసి, వేలు పైకి జరిపి 2004 మీద పెట్టాడు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. అదే అన్నింటికంటే కష్టం. కిటికీ రెండు వేళ్లంత తెరిచి పెట్టాం, పాతదానికి చల్లగాలి తగలాలని. నేను వంటింట్లో మాంసం, దుంపలు కూరిన పాస్టీలు వేడిచేసి తెచ్చాను, ఎవరూ సరిగ్గా తినలేదు. ఉర్హో అరగంటకోసారి గరిటె పెట్టి వింటున్నాడు. 2008 అయ్యేసరికి పదకొండున్నర. 2013 అయ్యేసరికి హెల్మి లోపలికీ బయటికీ తిరగడం మానేసి తెర ముందే కూర్చుంది. పన్నెండున్నరకి మొదటి మంచు రాలింది, చెప్పినదానికంటే ముందే.

2019 దగ్గర అంతా ఆగిపోయింది. తెర మీద గీత కదలలేదు. టిక్కులు లెక్కపెట్టాను, తొమ్మిది.

"తట్టనా?" అన్నాను.

"నిన్ను తడతాను," అన్నాడు ఉర్హో. అతని నోట వెటకారం విని పదేళ్లయింది.

పదో టిక్కు తర్వాత గీత కదిలింది. హెల్మి ఊపిరి వదలడం వినపడింది.

రెండుంబావుకి, 2022 మార్చి దగ్గర, పెనం మీద చెంచాతో గీరినట్టు చప్పుడు వచ్చింది. ఉర్హోకి కూడా గరిటె లేకుండానే వినపడింది. లేచి మీట ఆపేశాడు. డిస్కు మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. "ఇక లేవదు," అన్నాడు. పద్దెనిమిదేళ్లు ఎక్కాయి. చివరి పదకొండు నెలలు పోయాయి.

కొత్త డిస్కును ఊడదీశాక హెల్మి దానికి నీలం పేలిక కట్టింది, పళ్లతో ముడి బిగించి. ఉన్నిలో చుట్టొద్దని నా నూలు తువ్వాలు తీసుకున్నారు. మూడు కాకముందే బండి కదిలింది. నేనూ ఎక్కాను. ఆ మంచులో అతను నిద్రపోకుండా ఎవరైనా మాట్లాడుతూ ఉండాలి కదా. డిస్కు నా ఒళ్లో ఉంది. ఎనభై మైళ్లూ తువ్వాలు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మర్నాడు విచారణలో కంపెనీ మనిషి ఫోటోలన్నీ చూసి, ముందుగా దొరికిన దాన్నే పట్టుకున్నాడు.

"చివరి పదకొండు నెలలు ఏవి, మిస్టర్ సల్మెలా? మీకు అనుకూలంగా లేవా?"

లాయరమ్మాయి లేవబోయింది. ఉర్హో అప్పటికే లేచాడు.

"డిస్కు చచ్చిపోయింది. గట్టు ఉంది. వచ్చి చూసుకోండి."

కూర్చున్నాడు. అధికారి ఏదో రాసుకున్నాడు. ఏప్రిల్‌లో మంచు కరిగాక టేపు పట్టుకుని నిజంగానే వచ్చాడు. ఒక చేతిలో 2004 నాటి మొదటి ఫోటో పెట్టుకుని ఎర్ర గుంజ దగ్గర నిలబడ్డాడు. గుంజ నుంచి అంచుకి తొమ్మిది అడుగులు. రెండుసార్లు కొలిచాడు. జూన్‌లో రాళ్ల లారీలు వచ్చాయి.

జూలైలో ఉర్హో దారి దాటి హెల్మి ఇంటికి వెళ్లి, ఆమె కంప్యూటర్‌ను ఎత్తుకొచ్చాడు. మిగిలిపోయిన రెండో డిస్కును అందులో బిగించాడు, ఆమె కేబుల్‌తోనే, ఆమె ఎర్ర పేలిక చూసుకుని. నేను గొట్టం ముట్టుకుని, నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. విచారణ ముగిశాక అధికారి తిరిగి పంపిన డిస్కులోంచి ఫోటోలన్నీ అందులో ఎక్కించి ఇచ్చాడు. ఇంకొక ప్రతి ఇంకొక ఇంట్లో ఉంటే మంచిదన్నాడు.

పాతవి ముందు అని హెల్మి ఎందుకు పట్టుబట్టిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు ఆమె చెప్పిన కారణం తెలివైనదే, అబద్ధమూ కాదు. కానీ ఆర్వో రోజూ ఉదయం ఏడింటికి చేపలకు వెళ్లేవాడు, ఎండాకాలం పడవలో, చలికాలం మంచుగడ్డ మీద. ఎనిమిదింటికి ఉర్హో కెమెరాకి ఎదురుగా, ఎర్ర గుంజ అవతల ఉండేవాడు. 2004 నుంచి తను పోయేదాకా.

ఉర్హోకి ఆ సంగతి ముందే తెలుసేమో, నేను అడగలేదు. అడిగినా చెప్పడు.

శనివారం హెల్మి నన్ను పిలిచి చూపించింది. అన్నీ వెతికి, ఆర్వో ఆనవాలు దొరికిన రెండు వందల పదకొండు ఉదయాలు వేరు చేసి పెట్టుకుంది. బఠాణీ గింజంత మనిషి. కొన్నిట్లో కూర్చుని, కొన్నిట్లో నిలబడి, ఒకదాంట్లో చేయి పైకెత్తి.

"చూశావా, ఐలి," అంది, తెర మీద వేలు పెట్టి. "టోపీ ఎప్పుడూ వంకరే. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు."

కళ్లు చికిలించి చూశాను. నాకు టోపీ కనపడలేదు. కనపడిందనే చెప్పాను.